కటింగ్ మార్కుకి ఇవతల

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ పొద్దున వదిన పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టింది, ఎడమ చేత్తో. పెట్టి, నా వేళ్ళు మూసి, పైన రెండుసార్లు తట్టింది. చిన్నపిల్లకి ఉత్తరం ఇచ్చి పక్కింటికి పంపుతున్నట్టు.

"ఇరవై నాలుగూ ఉన్నాయి. ప్రూఫు వచ్చాకే చూపించు. ముందే చూస్తే మళ్ళీ గెలుకుతాను," అంది. జబ్బు చేశాక ఆవిడ ఒక్క బిగిన ఇన్ని మాటలు అనడం ఇదే మొదటిసారి.

మా ఆయన అక్కయ్య ఈవిడ. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, ఇప్పుడు టాబ్లెట్ మీద బొమ్మలు వేస్తోంది. పదహారేళ్ళుగా మేం పై వాటాలో, ఆవిడ కింది వాటాలో. మధ్యనున్న మెట్ల మీద, సరిగ్గా ఎనిమిదో మెట్టు మీద, ఎవరిదో పిల్లి వచ్చి కూర్చునేది. అదే ఇప్పుడు పిల్లల పుస్తకమైంది. పిల్లి మెట్లెక్కుతుంది, దిగుతుంది. కథ అంతే అనుకుంటాను. నేను మాటలు చదవను. అక్షరాలు ప్రింటుకి పనికొస్తాయా లేదా, అంతవరకే చూస్తాను. పదకొండేళ్ళు ప్రెస్సులో ఫైళ్ళు సిద్ధం చేస్తే అందరికీ వచ్చే రోగమే ఇది.

పద్దెనిమిది బొమ్మలు కుడిచేత్తో వేసింది. జూన్‌లో పక్షవాతం వచ్చి ఆ చెయ్యి పడిపోయింది. మిగతా ఆరూ ఎడమ చేత్తో వేసింది.

పబ్లిషరు గారు తేల్చి చెప్పేసింది. ఇరవై ఆరుకి ఫైళ్ళు, ఇరవై ఎనిమిదిన మెషిన్. లైబ్రరీల జాబితాలోకి వెళ్ళాలంటే మార్చి మొదటి వారానికి పుస్తకం చేతిలో ఉండాలి. లేకపోతే ఆ జాగాలో ఇంకొకరి పుస్తకం ఎక్కుతుంది. "మీది తర్వాత చూద్దాం," అందట. తర్వాత అనే మాట వింటే వదినకి ఒళ్ళు మంట. రెండోసారి వస్తే చెప్పలేమని డాక్టరు అన్నప్పట్నుంచీ.

తర్వాత కాదు. ఇరవై ఎనిమిదే.

ఫిబ్రవరి 4, మంగళవారం

రోజంతా రంగులతోనే సరిపోయింది. తెర మీద వదిన గోడ నీలంగా మెరిసిపోతోంది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. సిరా రంగుల్లోకి మార్చగానే గోడంతా ఊదా తిరిగింది. ఎరుపు పాలు తగ్గించి, తగ్గించి, ముక్క ముక్క ప్రింటు తీసి, కిటికీ దగ్గర పెట్టి చూసి, పదకొండోసారికి దారికి తెచ్చాను. ఆ గోడ నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

అంచులు కూడా పెంచాలి. రంగు ప్రతి పక్కా కటింగ్ మార్కు దాటి మూడు మిల్లీమీటర్లు బయటికి పోవాలి. లేకపోతే కత్తి కాస్త అటూ ఇటూ పడ్డా అంచున తెల్లగీత వస్తుంది. ఆ మూడు మిల్లీమీటర్లూ కోతలో పోయేవే. పోవడానికే వేసే రంగు.

పద్దెనిమిది పేజీలకీ అంచులు పెంచాను. మెడ పట్టేసింది.

ఫిబ్రవరి 6, గురువారం

ఇవాళ నల్లగీతల పని పట్టాను. వదిన గీతలన్నీ నాలుగు రంగులు కలిపిన నలుపులో ఉన్నాయి. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది. సన్నగీత నాలుగు ప్లేట్ల మీద పడితే, ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన నీడ పడుతుంది. కాబట్టి గీత మొత్తం నల్లప్లేటు మీదకే రావాలి. తప్పనిసరి పని. ఎవరైనా ఇదే చేస్తారు.

ఆఖరి ఆరు పేజీలు తెరిచాను.

గీత వణుకుతోంది. పిల్లి వీపు మీద గీత ఆగి, మళ్ళీ మొదలై, పక్కకి పోయింది. పందొమ్మిదో పేజీలో ముందుకాలు వంకరగా పడింది. 

ఎలాగూ నల్లప్లేటుకి మార్చాలి కదా. మారుస్తూ మారుస్తూ, మరీ తప్పిపోయిన చోట మీద నుంచి కొత్త గీత గీశాను. చిన్న సర్దుబాటు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పందొమ్మిది, ఇరవై అయ్యాయి. చిన్న సర్దుబాట్లు.

ఫిబ్రవరి 10, సోమవారం

ఇరవై ఒకటి, ఇరవై రెండు.

ప్రెస్సులో నన్ను చీపురు అంటారు. మెషిన్ మేస్త్రీ పెట్టిన పేరు. పెద్దాయన కాబట్టి వెనక అమ్మ తగిలించి గౌరవిస్తాడు, చీపురమ్మా అని. నా చేతికొచ్చిన ఫైలు శుభ్రపడకుండా వెళ్ళదు. సబ్బుపెట్టె మీద దుమ్ముచుక్క, మందుల డబ్బా మీద వంకర గీత, ఏదీ నా కంట పడకుండా పోదు. పదకొండేళ్ళలో నా ఫైలు వల్ల ఒక్కసారి కూడా మెషిన్ ఆగలేదు. వదిన పుస్తకానికి అంతకన్నా తక్కువ ఎలా చేస్తాను?

చూసేవాళ్ళు బొమ్మ చూడాలి గానీ, పాపం అనుకుంటూ చూడకూడదు. ఆవిడ ముఖం చూసి ఎవరూ పాపం అనకూడదని నేను ఎనిమిది నెలలుగా వచ్చిపోయేవాళ్ళని గుమ్మంలోనే ఆపేస్తున్నాను. పుస్తకంలో మాత్రం ఎందుకు ఊరుకుంటాను?

ఈ మాట ఎవరూ అడక్కుండానే రాశాను. సరే, రాశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇరవై మూడు, ఇరవై నాలుగు. అన్నీ అయిపోయాయి. లేయర్లన్నీ కలిపేసి, అదే పేరుతో సేవ్ చేసి, పాతవి తీసేశాను. పెన్‌డ్రైవు ప్రెస్సుదే కనక, ఖాళీ చేసి తిరిగి ఇచ్చేశాను.

ఒక పనికి ఒకే ఫైలు. ఇది మేస్త్రీ పెట్టిన నియమం. ఒకసారి మందుల డబ్బా పాత ఫైలు మెషిన్ ఎక్కి, నలభైవేల డబ్బాలు ముక్కలు చేయించాల్సి వచ్చింది. అప్పట్నుంచి రెండో కాపీ కనపడితే ఆయన చిందులు తొక్కుతాడు.

ఫిబ్రవరి 13, గురువారం

ప్రూఫు వచ్చింది. మేస్త్రీ భూతద్దం పెట్టి ఒక్కో పేజీ చూసి, "చీపురమ్మా, ఇందులో నాకు పని లేదు," అన్నాడు. ఆయన నోట ఇంతకు మించిన మెచ్చుకోలు రాదు.

ఇంటికి తెచ్చి మా ఆయనకి చూపించాను. "అక్క ఎడమ చేత్తో ఇంత బాగా వేసిందా?" అన్నారు. నేను తలూపాను. ఊపకపోయినా సరిపోయేది.

రేపు వదిన సంతకం పెడితే పని పూర్తవుతుంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

సంతకం పెట్టలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పొద్దున్నే కిందికి వెళ్ళాను. వదిన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ప్రూఫు ఒళ్ళో పెట్టాను. మొదటి పద్దెనిమిది పేజీలూ గబగబా తిప్పింది. గోడ నీలం మీద వేలు పెట్టి, బాగుందన్నట్టు తలాడించింది. పందొమ్మిదో పేజీ దగ్గర ఆగింది. ఇరవై, ఇరవై ఒకటి. ఆఖరిదాకా చూసి మళ్ళీ పందొమ్మిదికి వచ్చింది.

"ఈ పిల్లి ఎవరిది?" అంది.

"మీదే వదినా."

"నాది కాదు. నా పిల్లికి కాలు బాగోదు."

నాకు అర్థం కాలేదు. అర్థం కానందుకే నోరు తొందరపడింది. "ప్రింటుకి అలా చెయ్యాల్సొచ్చింది వదినా. గీత అట్లా ఉంటే ప్లేటు మీద సరిగా పడదు," అన్నాను.

ముప్ఫై ఏళ్ళు తప్పుడు లెక్కలు దిద్దిన మనిషి ముందు అన్నానీ మాట. వదిన నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. పేజీలో అక్షరాల మీద వేలు పెట్టి నావైపు తిప్పింది.

అప్పుడు చదివాను. పద్దెనిమిదో పేజీలో పిల్లి పైమెట్టు మీద నుంచి పడుతుంది. పందొమ్మిదిలో ఇలా ఉంది: 'కాలు ఒకటి మాట వినడం లేదు. అయినా దిగాలి.'

తల తీసి మొలేసినట్టయింది.

ప్రూఫు మూసి నాకిచ్చేసింది. "దీని మీద సంతకం పెట్టను. నా పాత బొమ్మలు వేసి తీసుకురా," అంది.

సరే అన్నాను. లేవన్న మాట నోట్లోంచి రాలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఉంది. రాస్తాను.

మా ఆయనకి చెప్పాను. ఆయన తీరిగ్గా చొక్కా గుండీ కుట్టుకుంటూ, "కొంచెం వణికించి మళ్ళీ వేసెయ్యి. అక్కకి తెలీదులే," అన్నారు. సలహా ఆయనది కాబట్టి తిట్టగలిగాను. నిజానికి ఆయన అనే ముందే నాకూ అదే తోచింది. పొద్దున ఒక గంట కూర్చుని ప్రయత్నించాను కూడా. నా చెయ్యి వణకలేదు. వణికినట్టు నటించింది. ఆ రెండింటికీ తేడా నా కంటికే కొట్టొచ్చినట్టు కనపడితే, ఆవిడ కంటికి కనపడదా?

పందొమ్మిదో పేజీలో కాలు వంకర కాదు. కుంటుతోంది. నేను దాన్ని నిటారుగా నిలబెట్టేశాను.

ఫిబ్రవరి 17, సోమవారం

ప్రెస్సులో బ్యాకప్ డిస్కు చూశాను. శుక్రవారం శుక్రవారం పాతదాని మీద కొత్తది పడిపోతుంది. పెన్‌డ్రైవులో ఇప్పుడు బిస్కట్ డబ్బా డిజైన్లున్నాయి. పోయిన ఫైళ్ళు వెలికితీసే సాఫ్ట్‌వేర్ మధ్యాహ్నమంతా నడిపితే రెండు ఫైళ్ళొచ్చాయి. సగం బూడిదరంగు పలక, మిగతా సగం చారలు. వదిన టాబ్లెట్‌లో చూద్దామంటే, అయిన బొమ్మని ఎప్పటికప్పుడు తీసేసే అలవాటు ఆవిడది. ఉంటే గెలుకుతుందని.

ఒక్కచోట దొరికాయి. మా ఇంటివాళ్ళ ఫోను గ్రూపులో. బొమ్మ అయిన రోజున అయినట్టే పంపింది. ఒక్కోదాని కింద నేను బొటనవేలు గుర్తు పెట్టి ఉన్నాను. ఒక్కటి కూడా తెరిచి చూసిన గుర్తు లేదు.

ఫోను బొమ్మని కుదించేస్తుంది. అవి అటూ ఇటూ ఆరొందల చుక్కలే. మన పేజీ ఎనిమిది అంగుళాలు, అంగుళానికి మూడొందల చుక్కలు కావాలి. పెద్దవి చేసి చూశాను. పిల్లి పెంకుటింటి కప్పులా గళ్ళు గళ్ళుగా వచ్చింది. పైగా ఐదే ఉన్నాయి. ఇరవై నాలుగో బొమ్మ వదిన గ్రూపులో పెట్టలేదు. ఆఖరిది ముందే చూపించకూడదని.

సాయంత్రం కిందికి వెళ్ళి చెప్పేశాను. ప్రింటు కోసం కాదని, నేనే దిద్దానని, పాతవి తుడిచేశానని. ఎందుకు దిద్దావని అడుగుతుందేమోనని జవాబు కూడబలుక్కుని వెళ్ళాను. అడగలేదు.

"నాలుగు నెలలు," అంది, ఆ ఆరింటికీ పట్టిన కాలం. అంతే. గోడవైపు తిరిగి పడుకుంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

పొద్దున్న వదినకి కాఫీ పెట్టి తీసుకెళ్తే తాగింది. గ్లాసు నాకివ్వకుండా తనే కష్టపడి బల్ల మీద పెట్టింది.

ఇంకా ఎనిమిది రోజులున్నాయి. పబ్లిషరు గారికి ఫోను చేసి, ఆఖరి పేజీలు మారుతున్నాయి, తేదీ మారదు అన్నాను. ఎలా అని అడిగింది. ఎలాగో నాకు తెలియదు. మారదని మాత్రం తెలుసు.

ఫిబ్రవరి 19, బుధవారం

ప్రెస్సులో షీట్ల చివరి ముక్కలు, మంచి మందపు కాగితం, ఒక కట్ట తెచ్చి మెత్తటి పెన్సిళ్ళతో పాటు వదిన బల్ల మీద పెట్టాను. వెనక్కి తిరిగాను.

"ఎన్ని రోజులు?" అని వినపడింది.

"ఏడు."

"ఆరు బొమ్మలు. కూర్చో."

కూర్చున్నాను. వదిన కుడిచేతిని ఎడమ చేత్తో ఎత్తి కాగితం కదలకుండా దాని కింది అంచు మీద పెట్టుకుంది, బరువుకి రాయి పెట్టినట్టు. పెన్సిలు ఎడమ చేతిలోకి తీసుకుంది. మెట్లు గీసింది, పిల్లి వీపు గీసింది.  గీత సాఫీగా వచ్చింది. ఇంకోటి వేసింది. అదీ సాఫీగానే వచ్చింది. మూడోది వేసేసరికి ఇద్దరికీ అర్థమైంది.

ఎడమ చెయ్యి నేర్చేసుకుంది. బొమ్మలయ్యాక కూడా వదిన ఊరికే లేదు. రోజూ ఆ చేత్తోనే తింది, రాసింది, తల దువ్వుకుంది. నవంబరు నాటి వణుకు ఇప్పుడు అందులో లేదు. కావాలన్నా రాదు.

"దీని కాలు నయమైపోయింది," అంది వదిన పిల్లిని చూసి. నవ్వింది. మూతి ఒక పక్కే కదిలే ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడిచాను. ఒక్కసారే వచ్చే గీతని నేను తుడిచేశాను. వదిన చెయ్యి బాగుపడుతోందని సంతోషించాల్సిన రోజున కూర్చుని ఏడిచాను.

ఆవిడ ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది.

ఫిబ్రవరి 20, గురువారం

ఈ రోజు పేజీకి గుర్తు పెట్టుకోవాలి.

మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చాను. ఫోను బొమ్మల్ని ప్రెస్సు కంప్యూటర్లో ఇంకో మూడు రకాలుగా పెంచి, ఆ ప్రింట్లు తీసుకెళ్ళి, ఇవీ పనికి రావని వదినకి చూపించాను. ఎందుకు రావంది. తెలియక అడుగుతోందనుకుని నా పద్ధతిలో వివరించడం మొదలుపెట్టాను.

"బొమ్మకి ఆరొందల చుక్కలే ఉన్నాయి వదినా. ప్రింటుకి అంగుళానికి మూడొందలు కావాలి."

"భాగించు."

"ఏంటి?"

"ఆరొందల్ని మూడొందలతో భాగించు."

"రెండు."

"అయితే రెండంగుళాలు స్పష్టంగా వస్తుంది కదా."

"వస్తుంది. కానీ రెండంగుళాలంటే ఇంతే," అని వేళ్ళతో చూపించాను. "పేజీ ఎనిమిదంగుళాలు."

"పిల్లి ఎంత ఉండాలో ఎవరు చెప్పారు?"

 వదిన తెల్లకాగితం ముందుకి లాక్కుని, మధ్యకి కాస్త కిందుగా చిన్న చతురస్రం గీసింది. చుట్టూ అంతా ఖాళీ.

"మెట్లు పెద్దవి," అంది. "ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు మన మెట్లు చూశాను. ఎంత పెద్దవో నీకు తెలీదు."

పదకొండేళ్ళుగా చాలని ఫైలుని పేజీకి సరిపడా సాగదీయడమే నా పని అనుకున్నాను. ఫైలుకి ఎంత చాలితే అంతే ఉండనివ్వొచ్చని నాకు తట్టలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పబ్లిషరు గారు ప్రెస్సుకొచ్చింది. ఐదు పేజీలూ రెండంగుళాల బొమ్మలతో తీసిన ప్రింట్లు వరసగా పరిచాను.

"ఖాళీ పేజీల్లా ఉన్నాయి కదండీ. పిల్లలు తిప్పేస్తారు," అంది.

"ఒకసారి మొదట్నుంచి తిప్పి చూడండి," అని వాటిని మొదటి పద్దెనిమిది పేజీల వెనక పేర్చి ఇచ్చాను.

తిప్పింది. నిండుగా నీలం గోడ, పెద్ద పిల్లి, ఇంకా పెద్ద పిల్లి, పడిపోవడం. తర్వాత తెల్లటి పేజీ, అందులో బొటనవేలంత పిల్లి, వణికే గీత, 'కాలు ఒకటి మాట వినడం లేదు. అయినా దిగాలి.' అక్కడ ఆమె చెయ్యి ఆగింది. పేజీని ముఖానికి దగ్గరగా తీసుకుంది. పక్కనే నిలబడ్డ మేస్త్రీ కూడా మెడ చాచి వంగి చూశాడు.

"చిన్నదైతే అందరూ వంగి చూస్తారమ్మా," అన్నాడు ఆయన, అడక్కుండానే.

"మరి ఆఖరి పేజీ?" అందామె.

"పెద్దది. కొత్తగా వేస్తోంది."

"బుధవారం."

"బుధవారమే."

ఫిబ్రవరి 22, శనివారం

ఫోను బొమ్మల్లో నలుపుని నల్లప్లేటుకి మార్చాను. మార్చడమే, అంతకు మించి వేలు పెట్టలేదు. పిల్లి వీపు మీద గీత తెగినచోట చెయ్యి ఎంత లాగిందో నాకే తెలుసు. మౌసు పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఐదింటికీ రెండేసి కాపీలు తీసి రెండు చోట్ల దాచాను. మేస్త్రీ చూస్తే చిందులు తొక్కుతాడు. తొక్కనీ.

ఫిబ్రవరి 24, సోమవారం

వదిన నాలుగు రోజులుగా ఆఖరి బొమ్మ వేస్తోంది. పదిహేడు కాగితాలు పోయాయి. ఇవాళ పద్దెనిమిదోది నా చేతికిచ్చింది.

పిల్లి కిందికి చేరింది. ఆఖరి మెట్టు పక్కన నేల మీద కూర్చుంది. ఒక కాలు ముందుకి చాపుకుంది. గీత వణకడం లేదు, అలాగని పాత కుడిచేతి గీత కూడా కాదు. దీనికంటూ ఒక నడక ఉంది. పేజీ నిండా ఉంది.

"ఇది ఎవరి పిల్లి?" అని ఈసారి నేనడిగాను.

"దిగిన పిల్లి," అంది వదిన.

ఫిబ్రవరి 25, మంగళవారం

పొద్దున స్కాన్ చేశాను. తెర మీద పెద్దది చేసి చూస్తే కాగితం కింది అంచున బూడిదరంగు మచ్చ ఉంది. అలవాటు కొద్దీ తుడిచే బ్రష్షు చేతిలోకి వచ్చేసింది. నాలుగు చిన్న ముద్రలు, వాటి కింద ఒక వంపు. ఏమిటా అని ఇంకా పెద్దది చేశాను.

వేళ్ళ కొసలు, అరచేతి అంచు. మెట్లు గీసేటప్పుడు వదిన కుడిచేతిని ఎత్తి ఎత్తి కాగితం మీద పెట్టుకుంది కదా. పెన్సిలు పొడి దానికి అంటి, కింద పెట్టినచోట అచ్చు పడింది. ఆ చేతికి తెలియకుండానే.

బ్రష్షు కింద పెట్టాను. 

అది సరిగ్గా కటింగ్ మార్కు మీద పడింది. వేళ్ళు ఇవతల, అరచెయ్యి అవతల. కత్తి పడితే సగం పోతుంది. బొమ్మ మొత్తం తొమ్మిది మిల్లీమీటర్లు పైకి జరిపాను. పిల్లి చెవులు పైనున్న వాక్యానికి తగిలాయి, వాక్యాన్నీ జరిపాను. కాగితం మసకని తెల్లబరచడానికి మామూలుగా ఒక్క మీట చాలు. కానీ ఆ మీట నొక్కితే మచ్చా పోతుంది. అందుకని మచ్చ చుట్టూ నాలుగు గంటలు కూర్చుని చేత్తోనే తెల్లబరిచాను. శుభ్రం చేయడంలో నాకున్న ఒడుపంతా ఒక మచ్చని కాపాడటానికి ఖర్చుపెట్టాను.

వదినకి చెప్పలేదు. దాచడం కాదు. ప్రింటు మీదే చూస్తుంది. చూసి వద్దంటే, ఈసారి ఆవిడ ముందే తుడుస్తాను.

ఫిబ్రవరి 26, బుధవారం

ప్రూఫు మీద ఎడమ చేత్తో సంతకం పెట్టింది. ఆఖరి పేజీ తిప్పబోతుంటే ఆపాను. "ఇది అచ్చయ్యాకే చూడండి వదినా. నచ్చకపోతే మెషిన్ ఆపిస్తాను." నావైపు అనుమానంగా చూసింది. అనుమానించే హక్కు ఆవిడకుంది.

"గీత ముట్టుకున్నావా?"

"లేదు."

"సరే," అని పెన్ను మూత పెట్టింది.

నాలుగున్నరకి ఫైళ్ళు ఇచ్చేశాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మెషిన్ పొద్దున తొమ్మిదికి మొదలైంది. మొదటి షీటు తీసి మేస్త్రీ భూతద్దం పెట్టాడు. పెట్టి, చెయ్యెత్తి మెషిన్ ఆపించాడు. పదకొండేళ్ళలో నా ఫైలు వల్ల మెషిన్ ఆగడం ఇదే మొదలు.

"చీపురమ్మా, ఇక్కడ మచ్చుంది. ప్లేటుదా, ఫైలుదా?"

"ఫైలుదే మేస్త్రీ గారూ. కావాలనే ఉంచాను."

"నువ్వా?"

"అది వదిన కుడిచెయ్యి. మీరొక పావుగంట ఆగితే ఈ షీటు చూపించి వస్తాను."

ఆయన నన్నూ, షీటునీ, గడియారాన్నీ చూశాడు. మెషిన్ ఆపి ఉంచడం ఆయనకి ప్రాణం మీదకొచ్చే పని. "ఇరవై నిమిషాలు," అన్నాడు.

ఇల్లు వీధి చివరే. షీటు నలగకుండా రెండు చేతుల్తో పట్టుకుని ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. వదిన కిటికీ దగ్గర ఉంది. బల్ల మీద షీటు పరిచి ఆఖరి పేజీ చూపించాను. పిల్లిని చూసింది, వాక్యం చదువుకుంది. చూపు కిందికి దిగింది.

"ఇది తుడవలేదేం?"

"కటింగ్ మార్కుకి ఇవతలే ఉంది వదినా. మీరు వద్దంటే మెషిన్ ఆగే ఉంది."

వదిన ఎడమ చేత్తో కుడిచేతిని పట్టుకుని ఒళ్ళోంచి ఎత్తింది. తడి సిరా అంటుతుందని చెప్పబోయి ఊరుకున్నాను. నాలుగు వేళ్ళూ నాలుగు ముద్రల మీద, అరచేతి అంచు ఆ వంపు మీద సర్ది పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"లెక్క తప్పు చెప్పాను అందరికీ," అంది. "కుడిచేత్తో వేసినవి పద్దెనిమిది కాదు. పందొమ్మిది."

మేస్త్రీకి ఫోను చేసి, నడపమన్నాను.